మొక్కు మీది, పిలుపు వాడిది

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. పెళ్లయిన ఏడేళ్లకు బాబు పుట్టాడు. కడుపులో ఉండగానే, బైబిల్లోని హన్నాలాగా దేవుని సేవకు ఇచ్చేస్తామని మొక్కుకున్నాం. ఇప్పుడు వాడికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. ఏడాదిగా కుటుంబ ప్రార్థనకు రానంటున్నాడు. వచ్చినా కునికిపాట్లే. వాళ్ల నాన్నగారు కొడుతున్నారు, శిక్షగా కీర్తనలు కంఠతా పట్టిస్తున్నారు. మొన్న ‘మొక్కుకుంది మీరు, నేను కాదు’ అనేశాడు. సెలవొస్తే చాలు, పాత రేడియోలు, స్పీకర్లు విప్పుకుని కూర్చుంటాడు. పదో తరగతి కాగానే బైబిల్ ట్రైనింగుకు పంపేద్దామంటున్నారు ఆయన. మొక్కు తప్పితే వాడికేమవుతుందోనని నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ భయం సంగతి చూద్దాం. మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి.

మీరు హన్నాను తలచుకున్నారు కాబట్టి సమూయేలు మొదటి గ్రంథం మొదటి మూడు అధ్యాయాలు మీరిద్దరూ కలిసి మళ్లీ చదవండి. హన్నా మొక్కుకుంది, పాలు మాన్పించాక తన బిడ్డ సమూయేలును షిలోహులోని దేవుని మందిరానికి తీసుకెళ్లి అప్పగించింది. ఆమె చేయగలిగింది అంతవరకే. సమూయేలును పేరు పెట్టి పిలిచింది దేవుడు. ఆ పిలుపు మూడో అధ్యాయంలో వస్తుంది, ‘ఆలకిస్తున్నాను’ అన్నది ఆ పిల్లవాడే. అదే మందిరంలో యాజకుడు ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు కూడా ఉన్నారు. యాజకుడి ఇంట పుట్టి యాజకులే అయినా వాళ్లు యెహోవాను ఎరగనివాళ్లని రెండో అధ్యాయం చెబుతోంది. పదవిలో కూర్చోబెట్టినంత మాత్రాన భక్తి రాదు. మీరు ఇస్తానన్నది ఇప్పటికే ఇచ్చారు, ఇకముందూ ఇవ్వగలరు: దేవుని మాట వినిపించే ఇల్లు, వాడి కోసం ప్రార్థన. వాడి తరఫున ‘ఆలకిస్తున్నాను’ అనడం మాత్రం మీ చేతుల్లో లేదు. మొక్కు తీరకపోతే వాడికి కీడు జరుగుతుందనే మాట ఇంట్లో ఇక ఎవరూ అనకండి. ఆ మాట వింటూ పెరిగిన పిల్లాడికి దేవుడు అప్పులవాడిలా కనిపిస్తాడు.

ఇక కుటుంబ ప్రార్థన. రాత్రి భోజనాలయ్యాక తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి ముప్పావుగంట నడిపే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. తెల్లవారుజామున ట్యూషన్‌కు లేచే పిల్లాడు ఆ వేళకు కునుకుతాడు, అది అవిశ్వాసం కాదు. దాన్ని ఏడున్నరకు, భోజనానికి ముందుకు మార్చండి. మొత్తం 15 నిమిషాలు దాటనివ్వకండి: ఒక కీర్తనలో రెండు చరణాలు, పది వచనాలు, తలా రెండు మాటల ప్రార్థన. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. ఉన్నవి 16 అధ్యాయాలే, కథ వేగంగా నడుస్తుంది, రోజుకు పది వచనాల చొప్పున రెండు నెలల పైచిలుకులో పూర్తవుతుంది.

చదివే దగ్గర ఒకటి గమనించండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు మన పాత తెలుగు బైబిల్ భాష కొరుకుడు పడదు. ‘సెలవిచ్చెనేమనగా’ దగ్గర తడబడతారు, నాన్న మధ్యలో ఆపి దిద్దుతాడు, చెల్లెలు కిసుక్కున నవ్వుతుంది. మర్నాడు కడుపునొప్పి అంటారు. మీవాడికీ అదే జరుగుతోందేమో చూడండి. వాడు ఇంగ్లిష్‌లో చదవనివ్వండి, అదే భాగం వాళ్ల నాన్నగారు తెలుగులో చదవాలి. ‘ఈ మాటకు ఇంగ్లిష్‌లో ఏముంది?’ అని వాడినే అడగండి. అప్పుడు వాడు ఇంట్లో అందరికీ అర్థం చెప్పేవాడవుతాడు.

ఇంకో రెండు ఇవాళే మానాలి. ఒకటి, శిక్షగా వాక్యం కంఠతా పట్టించడం. దెబ్బతో కలిసి వచ్చిన 23వ కీర్తన పెద్దయ్యాక కూడా దెబ్బనే గుర్తుచేస్తుంది. రెండోది, వాడి ఎదుటే ‘ప్రభువా, మావాడి మొండితనం తీసెయ్యి’ అని గట్టిగా ప్రార్థించడం. అది దేవుడికి చెప్పినట్టుండదు, కళ్లు మూసుకుని వాడిని తిట్టినట్టుంటుంది. ఆ ప్రార్థన మీ గదిలో చేసుకోండి. వాడి ఎదుట వాడి గురించి కృతజ్ఞత మాత్రమే చెప్పండి. ఎఫెసీయులకు రాసిన పత్రిక 6:4లో, పిల్లలకు కోపం రేపవద్దన్న మాట తండ్రులకే చెప్పబడింది. మీవారికి ఇది మీరు చెబితే గొడవవుతుందనుకుంటే, ఆయన గౌరవించే సంఘ పెద్ద ఎవరిచేతనైనా చెప్పించండి.

ప్రశ్నలు అడిగితే సంతోషించండి. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుతూ కనిపించాడు. ‘అలా అడగకూడదు, పాపం’ అంటే ప్రశ్న పోదు, మీ దగ్గరికి రావడం మానేసి ఫోన్‌లోకి పోతుంది. జవాబు తెలియకపోతే ‘నాకూ తెలియదురా, ఆదివారంలోపు చూద్దాం’ అని ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. ఆదివారం తప్పకుండా ఆ పుస్తకం తెరవాలి. రాసి వదిలేస్తే రెండోసారి అడగడు.

ఆ రేడియోల గురించి మీరు ఫిర్యాదులా రాశారు. నాకైతే మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఆశ పుట్టించింది అదే. నిర్గమకాండం 31లో దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపాడు. అతను ప్రవక్త కాదు, బంగారం, వెండి, ఇత్తడి, చెక్క పని తెలిసినవాడు. వాడికి మూడు నాలుగు వందలు పెట్టి ఒక మల్టీమీటర్ కొనివ్వండి, స్క్రూడ్రైవర్ సెట్టు ఇవ్వండి. ప్లగ్గు తీయకుండా ఏదీ విప్పకూడదని, తీశాక కూడా ఆంప్లిఫయర్‌లోని పెద్ద కెపాసిటర్లు షాక్ కొడతాయని పని తెలిసినవారి చేత చెప్పించండి. మీ సంఘంలో మైకులు చూసే అన్నయ్య పక్కన ఆదివారం ఒక గంట నిలబడనివ్వండి. కేబుళ్లు చుట్టడం, గీ మంటున్న మైకు ఎక్కడ పెడితే ఆగుతుందో కనిపెట్టడం, ఇవి నేర్చుకుంటాడు. వెంటనే స్టేజీ ఎక్కించి ‘మా సేవకుడు’ అని చప్పట్లు కొట్టించకండి. ఆ వయసులో అది బరువు.

పదో తరగతి కాగానే బైబిల్ ట్రైనింగ్ వద్దు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి ఎలక్ట్రానిక్స్‌లో మూడేళ్ల డిప్లొమా చేయవచ్చు, లేదా ఇంటర్ చదవవచ్చు, ఏదో వాడినే చెప్పనివ్వండి. పౌలు డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పాడు. వాడికి నిజంగా పిలుపుంటే ఇరవై దాటాక కూడా వినపడుతుంది.

ఒక హెచ్చరిక. వారాల తరబడి తిండి, నిద్ర తగ్గినా, స్నేహితులను వదిలేసినా, చచ్చిపోతాననే మాట ఒక్కసారి వచ్చినా, దయ్యం అనుకుని ఉపవాస కూటాలతోనే సరిపెట్టకండి. మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన ఆపనక్కర్లేదు, రెండూ కలిసే సాగాలి.

ఈ వారంలో మీ దంపతులిద్దరూ వాడిని కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి: ‘నువ్వు పుట్టకముందు సంతోషంతో మొక్కుకున్నాం. నువ్వేమవ్వాలో దేవుడు, నువ్వు తేల్చుకోండి. మేము నీ వెనక ఉంటాం.’ ఇంకేమీ కలపకండి. వాడు వెంటనే ఏమీ అనకపోవచ్చు, లేచి వెళ్లిపోనూ వచ్చు. వెనక్కి పిలవకండి.