కిటికీ గట్టు మీది సక్యులెంట్లకు ఎన్ని రోజులకొకసారి నీళ్ళు పోయాలి?

అడిగిన ప్రశ్న ఇది: "మాది హైదరాబాదులో నాలుగో అంతస్తు ఫ్లాటు. కిటికీ గట్టు మీద పెట్టిన సక్యులెంట్ మొక్కలు రెండు నెలలు తిరక్కుండానే కుళ్ళిపోతున్నాయి. వీటికి ఎన్ని రోజులకొకసారి నీళ్ళు పోయాలి?"

వారానికొకసారి పోయమని మీకు ఇప్పటికే నలుగురైనా చెప్పి ఉంటారు. ఆ మాటను నమ్మి ఒక్క వానాకాలంలో ఎనిమిది మొక్కలను చెత్తబుట్టలో పారవేసిన అనుభవంతో చెబుతున్నాను, ఒంట్లోనే నీరు దాచుకునే ఈ మందపాటి మొక్కల విషయంలో రోజుల లెక్క అడగడంలోనే పొరపాటు ఉంది. మొక్కకు క్యాలెండరు తెలియదు. దానికి తెలిసినదల్లా వేరు చుట్టూ తడి ఉన్నదా, గాలి ఉన్నదా అన్నదే.

మాదీ హైదరాబాదే, మూడో అంతస్తు, దక్షిణపు కిటికీ, పైన రెండడుగుల సజ్జా, బయట పావురాలు రాకుండా కట్టిన వల. నాకు ఈ పిచ్చి పట్టించినది ఒక గృహప్రవేశం. బంధువులు తాంబూలంతో పాటు అరచేతిలో ఇమిడే తెల్లని పింగాణీ కప్పులో ఎచెవేరియా అనే సక్యులెంట్ మొక్కను చేతిలో పెట్టారు. లేతనీలం కలిసిన బూడిదాకుపచ్చ రంగులో, విచ్చుకున్న చిన్న తామరపువ్వులా ఉంది. వెనకటికి ఇటువంటి సందర్భాల్లో స్టీలు డబ్బా ఇచ్చేవారు, అది పాతికేళ్ళు పోపుగింజలకు పనికివచ్చేది. ఇప్పుడు ప్రాణమున్న దానిని, అడుగున చిల్లు కూడా లేని కప్పులో పెట్టి, రెండు నెలల్లో చచ్చేటట్టు ఏర్పాటు చేసి మరీ ఇస్తున్నారు. ఇచ్చేవారి ఉద్దేశం మంచిదే, కప్పు తయారుచేసిన వారిదే నాకు అనుమానం.

దానిని తెచ్చి, అప్పటికే గట్టు మీద టీ కప్పులలో పెరుగుతున్న టమాట, మిరప నారు పక్కన పెట్టాను. ఆ ముచ్చటతో నర్సరీ నుంచి ఇంకొన్ని కొని తెచ్చి వరుసగా పేర్చాను. వారానికొకసారి, ఆదివారం ఉదయం, చిన్న గ్లాసుడు నీళ్ళు చొప్పున కచ్చితంగా పోశాను. జూలై నెలలో ఒక ఉదయం దుమ్ము తుడుద్దామని ఎచెవేరియాను ముట్టుకుంటే అడుగు ఆకులు నాలుగు వేలితోపాటే ఊడి వచ్చాయి. అవి ఆకులలా లేవు, ఉడికిన ఉల్లిపాయ పొరలా పారదర్శకంగా, నొక్కితే నీరు కారేటట్టు ఉన్నాయి. పైన చూస్తే మట్టి పొడిగా, బీటలు వారి ఉంది. ఎండిపోయిందేమోనని ఎవరైనా మరో గ్లాసు పోస్తారు, నేనూ అంతకుముందు రోజే పోశాను.

పాత పేపరు పరిచి కప్పును బోర్లించాను. మొక్క ముద్దగా బయటకు వచ్చింది. పైన అంగుళం మట్టి మాత్రమే పొడి, కింద వేళ్ళ చుట్టూ కోడిగుడ్డంత కోకోపీటు (కొబ్బరిపీచు పొట్టు) ముద్ద. దానిని పిండితే స్పాంజి పిండినట్టు నీళ్ళు కారాయి, మురుగుకాలువ వాసన వచ్చింది. ఆ ముద్దను విప్పబోతే దాని చుట్టూ ఒక పలుచని గుడ్డ సంచి కనిపించింది. పెద్ద నర్సరీలలో మొలకను ఆ సంచిలోనే పెంచి, అమ్మేటప్పుడు దానిని తీయకుండానే కుండీలో దించి, పైన నాలుగు గులకరాళ్ళు చల్లుతారు. కొన్నవాడికి కనిపించేది గులకరాళ్ళు, మొక్క బతుకుతున్నది సంచిలో. పింగాణీ కప్పు అడుగున కూడా ఒక వరుస గులకరాళ్ళు వేసి ఉన్నాయి, నీళ్ళు కిందికి దిగుతాయని కాబోలు. అది ఉత్త భ్రమ. సన్నని మట్టిలోని నీరు, ఆ మట్టి పూర్తిగా తడిసి ఇక పట్టలేనంతగా నిండితే తప్ప, కింది రాళ్ళలోకి జారదు. రాళ్ళు వేసినకొద్దీ తడిమట్టి వేళ్ళకు మరింత దగ్గరవుతుంది, అంతే.

కాండం కింది భాగం నల్లబడి ఉంది. కొత్త బ్లేడు తీసుకొని అర అంగుళం పైకి కోశాను. కోసిన చోట తెల్లని గుండ్రని చక్రం మధ్యలో గోధుమరంగు చుక్క కనిపించింది, అంటే కుళ్ళు ఇంకా పైకి ఎక్కి ఉంది. బ్లేడు తుడిచి మళ్ళీ కోశాను, మళ్ళీ చుక్క. మూడోసారి కోసేసరికి చుక్క లేని శుభ్రమైన లేతాకుపచ్చ చక్రం వచ్చింది, కాని అప్పటికి నా చేతిలో మిగిలింది బొటనవేలంత మొగ్గ, దాని చుట్టూ ఏడెనిమిది ఆకులు. దానిని మట్టిలో పెట్టలేదు. ఖాళీ టీ గ్లాసు మూతి మీద, కోసిన భాగం గాలిలో వేలాడేటట్టు కూర్చోబెట్టి, చుక్క నీరు చూపకుండా వదిలేశాను. కోసిన చోట పక్కు కట్టింది. పన్నెండో రోజున అక్కడ గులాబీరంగు వేళ్ళు, కుట్టుదారం కొసల్లా, మూడు పొడుచుకువచ్చాయి. నీళ్ళు పోసినంతకాలం చచ్చిన మొక్క, నీళ్ళు మానేశాక వేరు తొడిగింది. మిగిలిన ఎనిమిదింటిని ఆ రోజే పెకిలించి చూశాను. అన్నింటికీ అదే సంచి, అదే ముద్ద, ఒక్కటీ దక్కలేదు.

అందుచేత నా అభిప్రాయంలో, ఈ ఊరి కిటికీల్లో చచ్చే సక్యులెంట్లలో పదింట తొమ్మిది ఆ కోకోపీటు ముద్ద వల్లనే చస్తున్నాయి, నీళ్ళు పోసినవారు నిమిత్తమాత్రులు. కొన్న రోజునే మొక్కను బయటకు తీసి, సంచి చించి, వేళ్ళను దులిపి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, అడుగున చిల్లున్న మట్టి కుండీలో నాటండి. మట్టి మిశ్రమానికి డబ్బులు తగలెయ్యనవసరం లేదు. ఇల్లు కడుతున్న చోట ప్లాస్టరింగుకు ఇసుక జల్లించాక జల్లెడలో మిగిలే గరుకు ఒక డబ్బా, శనగగింజంత ఇటుక ముక్కలు ఒక డబ్బా, ఎర్రమట్టి ఒక డబ్బా, గుప్పెడు వర్మీకంపోస్టు కలిపితే సరిపోతుంది. మేస్త్రీ ఆ గరుకును ఊరికే ఇస్తాడు, పైగా ఎందుకని వింతగా చూస్తాడు.

నీళ్ళ సంగతికి వస్తే, కుండీని ఎత్తి చూడడమే అసలు పద్ధతి. వంటింటి త్రాసు మీద పెడితే, నా మూడంగుళాల మట్టి కుండీ నీళ్ళు పోసి కారిన వెంటనే 470 గ్రాములు, పూర్తిగా ఎండాక 410 గ్రాములు తూగింది. ఆ 60 గ్రాముల తేడాను చేయి నాలుగైదు సార్లకే నేర్చుకుంటుంది, తరువాత త్రాసుతో పనిలేదు. 410కి వచ్చాక కూడా రెండు మూడు రోజులు ఆగి, అడుగు చిల్లు నుంచి కారేదాకా ఒకేసారి నిండుగా పోయాలి. సీసాతో ఆకుల మీద తుంపర కొట్టే అలవాటు ఉంటే ఆ సీసాను బట్టలు ఇస్త్రీ చేసేవారికి ఇచ్చెయ్యండి.

ఈ మొక్కలు ఇంతకాలం ఎలా ఓర్చుకుంటాయన్నది మన పెరళ్ళలో ఎప్పుడో తెలిసిన విషయమే. మా అమ్మ పుట్టిల్లు సామర్లకోట దగ్గరి పల్లె. చిన్నప్పుడు రణపాల (అదీ సక్యులెంటే) ఆకును పొద్దున్నే కొరికితే పుల్లగా ఉండేదని, మధ్యాహ్నానికి చప్పబడేదని ఆమె చెబుతుంది. సరిగ్గా ఈ సంగతినే, సామర్లకోట తోటలో ఈస్టిండియా కంపెనీ తరపున పనిచేసిన బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించి రాయగా, 1815లో లండనులోని లిన్నియన్ సొసైటీ ప్రచురించింది. కారణం తరువాత తేలింది. ఈ జాతి మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరిచి, బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకొని మాలిక్ ఆమ్లం అనే పులుపుగా దాచుకుంటాయి, పగలు వెలుతురులో దానిని ఖర్చు చేస్తాయి. పగలు నోరు మూసుకొని ఉండే మొక్కకు నీటి ఖర్చు తక్కువ. (ఆకులు కొరికి పరీక్షించమని చెప్పడం లేదు, రణపాలలో విషపదార్థాలున్నాయి.)

దిక్కు సంగతి ఎవరూ చెప్పరు, అది మాత్రం చెప్పి తీరాలి. హైదరాబాదులో మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు 3 ప్రాంతంలోనూ నడినెత్తిన సూర్యుడు నిలిచి నీడ మాయమవుతుంది. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి, సజ్జా ఉన్న దక్షిణపు కిటికీకి సూటి ఎండ దాదాపు అందదు. అదే డిసెంబరులో మధ్యాహ్నం 49 డిగ్రీల ఎత్తులోనే ఉండి గదిలోకి తొంగిచూస్తాడు. అంటే దక్షిణపు గట్టు మీది మొక్కకు వానాకాలంలో మబ్బు, నీడ, తేమ మూడూ ఒకేసారి వస్తాయి. నా మొక్కలు చచ్చింది ఆ జూలైలోనే. పడమటి కిటికీది వేరే కథ, ఏప్రిల్ ఎండకు ఆకులు కమిలిపోతాయి, పక్క ఫ్లాటు ఏసీ వేడిగాలి కూడా అటే కొడితే ఇక చెప్పనక్కరలేదు.

నారు సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. మొలకకు నీటిని దాచుకునే అర లేదు, పైమట్టి ఎండితే ఒక్క పూటలో వాలుతుంది. అలాగని ముంచితే నారుకుళ్ళు తెగులు వచ్చి, మట్టిని ఆనుకున్న చోట కాడ దారంలా సన్నబడి పడిపోతుంది. అందుకని కప్పును పళ్ళెంలో పెట్టి కిందినుంచి తడి పీల్చనిచ్చి, పావుగంట తరువాత పళ్ళెం ఒంపేస్తాను. వెలుతురు ఒకవైపు నుంచే వస్తుంది గనుక రోజుకొకసారి కప్పును అటు ఇటు తిప్పుతాను, లేకపోతే కాడలు సాగి కిటికీ వైపు వంగిపోతాయి. ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టడమే నేను చేసిన మరో తప్పు. నారు కోసం రోజూ చెంబు పట్టిన చేయి, ఆదివారం కాని రోజుల్లో కూడా పక్క కుండీ మీద నాలుగు చుక్కలు ఒలికించకుండా ఊరుకోదు. ఇప్పుడు నారు వంటింటి కిటికీలో, సక్యులెంట్లు హాలు కిటికీలో ఉన్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవారు మెక్సికో కొండల ఎచెవేరియా జోలికి పోకుండా హవర్తియాతోనో, కలబందతోనో, రణపాలతోనో మొదలుపెట్టాలి. రణపాల ఆకును ఇసుక మీద పడేస్తే అంచు గంట్ల నుంచి పిల్లలు పుడతాయి, ఇంతకన్నా సులువైన మొక్క నాకు తెలియదు. పుట్టెడు పూలు కావాలంటే నాచుపూలు ఉన్నాయి, వాటికి మాత్రం పూర్తి ఎండ కావాలి. నర్సరీలో జేడ్ అని అడిగితే చాలాచోట్ల చేతిలో పెట్టేది పోర్టులకారియాను, అసలు జేడ్ అయిన క్రాస్యులా వేరు. పెంపకం ఒకటే గనుక పోట్లాడకండి. ముళ్ళజెముడు నెత్తి మీద జిగురుతో ఎండుపువ్వు అంటించి అమ్మితే మాత్రం తప్పక పోట్లాడండి.

ఎలాగూ అంకె లేనిదే ఊరుకోరు కాబట్టి నా హాలు కిటికీ లెక్క చెబుతాను. ఏప్రిల్, మే నెలల్లో ఆరేడు రోజులకు, జూలై, ఆగస్టుల్లో ఇరవై రోజులకు పైగా, చలికాలంలో పది పన్నెండు రోజులకు కుండీ తేలికవుతోంది. ఇది మూడంగుళాల మట్టి కుండీ లెక్క, ప్లాస్టిక్‌కు ఇంకా ఆలస్యం. మీ కిటికీ ఏ దిక్కుదో, కుండీకి చిల్లు ఉందో లేదో రాయలేదు. మొక్కను ఒకసారి పెకిలించి, సంచి కనిపించిందో లేదో కింద వ్యాఖ్యలో చెప్పండి.