ఢిల్లీలో సీటొచ్చింది, పంపాలంటే భయంగా ఉంది

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఒక ఊరు. మావారికి ఎరువుల కొట్టు ఉంది. మాకు ఒక్కతే అమ్మాయి. ఇంటర్ ఎంఈసీ మంచి మార్కులతో పాసైంది. సీయూఈటీ ప్రవేశ పరీక్ష రాస్తే ఢిల్లీ యూనివర్సిటీలో, శ్రీ వెంకటేశ్వర కాలేజీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ సీటు వచ్చింది. ఫీజు కట్టేశాం గానీ మనసు ఒప్పుకోవడం లేదు. విజయవాడలో ఒక మహిళా కాలేజీలో కూడా సీటుంది. హాస్టల్ కాలేజీ ఆవరణలోనే, వారం వారం వెళ్లి చూసి రావచ్చు. మా అత్తగారు ‘ఆడపిల్లని ఢిల్లీ పంపిస్తారా, అక్కడ జరిగేవి టీవీలో చూడట్లేదా’ అని రెండు రోజులు అన్నం మానేశారు. మావారు చివరికి ఒక షరతు మీద సరేనన్నారు: చిన్న తేడా వచ్చినా చదువు ఆపించి ఇంటికి తీసుకొచ్చేస్తారట. ఢిల్లీ కాలేజీ హాస్టల్లో చోటు దొరకలేదు. నోయిడాలో మా ఆడపడుచు మరిది ఉన్నారు, ‘మా ఇంట్లో ఉండి చదువుకుంటుంది’ అంటున్నారు. పిల్లకి చిన్నప్పుడు ఆయాసం ఉండేది, ఇప్పటికీ చలికాలంలో ఎప్పుడైనా వస్తుంది. తనేమో ఢిల్లీకే వెళ్తానని పంతం పట్టింది. క్లాసులకి ఇంకా మూడు వారాలుంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మీ అత్తగారేమన్నారో, మీవారేమన్నారో, నోయిడా బంధువులేమన్నారో అన్నీ రాశారు. అమ్మాయి గురించి మాత్రం ‘పంతం పట్టింది’ అన్న ఒక్క మాటే ఉంది. ఢిల్లీ ఎందుకు అని తనని కూర్చోబెట్టి అడిగారా? ఎకనామిక్స్ మీద ఇష్టమా, స్నేహితురాళ్లు వెళ్తున్నారనా, ఇల్లు దాటి ఊపిరి పీల్చుకోవాలనా? ఏ జవాబైనా తప్పు కాదు. కానీ ఆ జవాబును బట్టి నా సలహా మారుతుంది.

ఎంఈసీ చదివిన పిల్లల్లో చాలామంది సీఏ వైపు వెళ్తారు. మీ అమ్మాయి మనసులో కూడా సీఏ ఉంటే విజయవాడే మేలు. అక్కడ సీఏ కోచింగ్ బాగుంది, ఇల్లూ దగ్గర, దాని కోసం ఢిల్లీ దాకా వెళ్లనక్కర్లేదు. అలా కాకుండా ఎకనామిక్సే చదవాలి, తర్వాత ఎంఏ చేయాలి, ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ లాంటివి రాయాలి అనుకుంటుంటే, ఢిల్లీ యూనివర్సిటీలో ఆ సబ్జెక్టుకున్న పేరు వట్టి పేరు కాదు. లెక్కలు గట్టిగా ఉండే సిలబస్, దేశం నలుమూలల నుంచి వచ్చిన తోటి పిల్లలు, ఎంఏకి అదే ఊళ్లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్. అప్పుడు ఆ సీటు వదులుకోవద్దనే చెబుతాను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఇప్పుడు వెళ్లకపోతే దారులన్నీ మూసుకుపోతాయని ఏం లేదు, ఎంఏకి వెళ్లొచ్చు. ఆ కంగారుతో నిర్ణయం తీసుకోకండి.

ఇక భయం సంగతి. మీ అత్తగారి భయాన్ని తీసిపారేయను. 2012 డిసెంబరు 16న నిర్భయకు జరిగింది ఇంకా ఎవరమూ మర్చిపోలేదు. మహానగరాల్లో మహిళలపై నేరాల కేసులు ఎక్కువగా నమోదవుతున్నదీ ఢిల్లీలోనే. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లోనే 14 వేలు దాటాయి. కానీ పెద్దావిడకు ఇంకొకటి కూడా గుర్తుచేయండి. 2019 నవంబరులో మన శంషాబాద్ దగ్గర టోల్‌గేటు పక్కన జరిగిన ఘోరం మన భాష మాట్లాడే చోటే జరిగింది. అదే బ్యూరో లెక్కల్లో ఇంకో సంగతి ఏటా కనిపిస్తుంది. అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితుడు ఆ అమ్మాయికి ముందే తెలిసినవాడు. అంటే మనం భయపడే ఆ కొత్త ఊరి చీకటి రోడ్డు మీదివాడు చాలా తక్కువ. బంధువు, ఇరుగుపొరుగు, ప్రేమిస్తున్నానన్నవాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు, వీళ్లే ఎక్కువ. వాళ్లు ఢిల్లీలోనూ ఉంటారు, భీమవరంలోనూ ఉంటారు.

ఆ లెక్క దృష్టిలో పెట్టుకునే నోయిడా ఇంటి గురించి అడుగుతున్నాను. ఆయన్ని నేనేమీ అనుమానించడం లేదు, మంచివారే అయ్యుండొచ్చు. కానీ ‘మనవాళ్లున్నారు’ అన్న ధైర్యంతో అమ్మాయి ఇష్టమేంటో అడగకుండా పంపేస్తారు చాలామంది. ఆ ఇంట్లో ఎవరెవరుంటారు, తనకి విడిగా గది, లోపల గడియ ఉంటాయా, ఆ ఇంటి ఇల్లాలు మనస్ఫూర్తిగా రమ్మంటున్నారా, వీటికి జవాబు మీకు తెలియాలి. ముఖ్యంగా అమ్మాయికి ఆ ఇంట్లో ఇబ్బందిగా ఉంటుందా అని మీరొక్కరే, ఎవరూ లేనప్పుడు అడగండి. ఇబ్బంది అంటే, కారణం చెప్పకపోయినా సరే, అక్కడ ఉంచొద్దు. దూరం సంగతి కూడా చూడండి. నోయిడా నుంచి ఆ కాలేజీకి మెట్రోలో గంటకు పైనే, మధ్యలో లైను మారాలి. రోజూ రెండున్నర గంటలు రైల్లోనే పోతే చదువుకి మిగిలేదేముంది? ఆదివారం వెళ్లి అన్నం తిని రావడానికి, జ్వరమొస్తే ఫోన్ చేయడానికి ఆ ఇల్లు ఉంటే అదే పెద్ద అండ.

హాస్టల్లో చోటు రానివాళ్లలో ఎక్కువమంది పీజీల్లోనే, అంటే అద్దె కట్టి ఉండే పేయింగ్ గెస్ట్ ఇళ్లలోనే ఉంటారు. వెంకటేశ్వర కాలేజీ దగ్గర్లోనే సత్య నికేతన్ అనే చోట ఆడపిల్లల పీజీలు వరసగా ఉంటాయి. మీరిద్దరూ కాకపోయినా మీరొక్కరైనా అమ్మాయితో వెళ్లి నాలుగు రోజులుండి చూడండి. ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి అడ్వాన్సు పంపకండి. పగలు ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి మెట్రో స్టేషన్ నుంచి ఆ పీజీ దాకా అమ్మాయితో కలిసి నడవండి. దీపాలున్నాయా, ఆ వేళకి కొట్లు తెరిచి ఉన్నాయా, మందుల షాపు ఎంత దూరం, మీ కళ్లకే తెలుస్తుంది. లోపలికెళ్లాక మంచాలూ పరుపులూ తర్వాత, ముందు మెట్లు చూడండి. ఒక్కటే ఇరుకు మెట్లదారి, దాని కిందే కరెంటు మీటర్లు, కిటికీలకు తెరుచుకోని ఊచలు ఉంటే ఆ ఇల్లు వద్దు. ఈ మాట ఎందుకంటున్నానంటే, 2023లో ముఖర్జీ నగర్‌లో ఆడపిల్లల పీజీలో మంటలు లేచాయి. 2024 జులైలో ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాన నీళ్లొచ్చి ముగ్గురు పిల్లలు చనిపోయారు. మనం మనుషుల గురించి ఆలోచిస్తూ కట్టడాన్ని చూడం. బేస్‌మెంట్‌లో గది ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు.

ఖర్చు మాట కూడా చెప్పాలి. అక్కడ కాలేజీ ఫీజు వేలల్లోనే, విజయవాడలో మంచి ప్రైవేటు కాలేజీకి కట్టేదానికంటే తక్కువే కావచ్చు. పీజీ మాత్రం తిండితో కలిపి నెలకి పదిహేను వేలు అటూ ఇటూ అవుతుంది. కొట్టు మీద వచ్చే ఆదాయం అన్ని నెలలూ ఒకేలా ఉండదు కదా, సీజన్ లేని నెలల్లో ఎలా అన్నది మీవారితో ముందే కాగితం మీద వేసుకోండి. డబ్బులు ఆలస్యమై పిల్ల సగం అద్దెకి ఎక్కడో సర్దుకోవాల్సిన పరిస్థితి రాకూడదు.

ఆయాసం గురించి మీరు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు మాత్రం అన్నిటికంటే అదే ఎక్కువ ఆందోళనగా ఉంది. నవంబరు నుంచి జనవరి దాకా ఢిల్లీ గాలి ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. పొద్దున్న కిటికీ తీస్తే ఎదుటి మేడ కనపడదు, గొంతు మండుతుంది. మామూలు వాళ్లకే దగ్గు పట్టుకుంటుంది. ప్రయాణానికి ముందే ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించండి. ‘ఢిల్లీలో మూడు నాలుగేళ్లు ఉండబోతోంది’ అని ఆ మాటే చెప్పి అడగండి. పరీక్ష చేసి వద్దంటే ఇంకో ఆలోచన లేదు, విజయవాడే. ఇన్‌హేలర్ వాడుకుంటూ ఉండొచ్చు అంటే, ఎప్పుడు ఎన్నిసార్లు వాడాలో, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలో రాయించుకుని పీజీలో పక్క మంచం అమ్మాయికి కూడా ఒక కాపీ ఇప్పించండి.

ఇప్పుడు మీవారి షరతు. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

నా సంగతి ఒకటి చెబుతాను. డిగ్రీ చదివేటప్పుడు మా ఊరి నుంచి కాలేజీకి 22 కిలోమీటర్లు. ఒకటే బస్సు, నిలబడటానికి కూడా చోటుండేది కాదు. ఒకతను రోజూ సరిగ్గా నా వెనకే వచ్చి నిలబడేవాడు. నోట్‌బుక్ అట్టకి పిన్నీసు గుచ్చుకుని ఎక్కేదాన్ని. మూడు నెలలు అలాగే వెళ్లాను. ఇంట్లో చెప్పలేదు. ఎందుకంటే అంతకు ముందు ఏడాది మా పెద్దనాన్న కూతురు ఇలాంటిదే చెబితే, ‘అయితే కాలేజీ వద్దులే, కుట్టు నేర్చుకో’ అని మాన్పించేశారు. నాకు బస్సులో వాడికంటే ఆ మాటే ఎక్కువ భయం. చివరికి మా అమ్మ పుస్తకాలు సర్దుతూ వంకర తిరిగిన పిన్నీసు చూసి అడిగింది. ఏడ్చేశాను. తెల్లారి నాన్నగారు నాతోపాటు బస్సెక్కారు. ఆ తర్వాత వారం రోజులూ ఎక్కారు. అతను మళ్లీ కనపడలేదు. చదువు ఆగలేదు. మొదటి రోజే చెప్పుంటే ఆ మూడు నెలలు ఉండేవి కావు. నేను ఇల్లు దాటి ఏ దూరదేశమో వెళ్లలేదు చూడండి. రోజూ సాయంత్రం అమ్మ చేతి అన్నం తింటూనే, చెప్పకుండా దాచాను.

ఇన్నేళ్లుగా నా దగ్గరికి వచ్చిన అమ్మాయిల్లో ఎక్కువమందిది ఇదే కథ. ఇబ్బంది చిన్నగా ఉన్నప్పుడు ఇంట్లో చెప్పరు. చెబితే ఫోన్ లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు, సంబంధాలు చూస్తారు. అందుకని తమలో తామే మోస్తారు. ఎదుటివాడికి కావలసిందీ అదే. ‘మీ ఇంట్లో చెప్తా’ అని బెదిరిస్తాడు. ఇంట్లో చెప్పినా ఏమీ కాదని ఆ పిల్లకి నమ్మకం ఉంటే ఆ బెదిరింపు అక్కడే చచ్చిపోతుంది. మీవారు ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ ఆ షరతుతో పంపితే, ఢిల్లీలో ఏం జరిగినా మీకు చివరగా తెలుస్తుంది. ఆ షరతుతో విజయవాడ పంపినా అంతే.

అందుకే నా సలహా ఇది. డాక్టరు సరేనని, అమ్మాయికి ఎకనామిక్సే కావాలని, మీరు చూసిన పీజీ కుదిరితే ఢిల్లీ పంపండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా విజయవాడలో చేర్చండి. అది ఓడిపోవడం కాదని అమ్మాయికి మీరే చెప్పాలి. ఎక్కడికి పంపినా ఆ షరతు మాత్రం ముందే తీసేయండి.

ఢిల్లీ అయితే ఈ పనులు మర్చిపోకండి. అత్యవసరానికి 112, మహిళలకు 181, రైల్లో అయితే 139 నంబర్లు ఫోన్లో ఉండాలి. ర్యాగింగ్ వద్దన్న అఫిడవిట్ మీరూ అమ్మాయీ ఇద్దరూ ఆన్‌లైన్‌లో ఇవ్వాల్సి ఉంటుంది, అది సంతకం పెట్టి పారేసే కాగితం కాదు, చదవండి. ఆ ఫిర్యాదులకు 1800-180-5522 ఉంది. కాలేజీలో లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే కమిటీ ఉంటుంది, అందులో ఎవరున్నారో మొదటి వారంలోనే తెలుసుకోమనండి. జరిగిన చోటు తమ పరిధి కాదని ఏ పోలీస్ స్టేషనూ ఫిర్యాదు తిప్పి పంపకూడదని, జీరో ఎఫ్ఐఆర్ రాయాలని కూడా తనకి తెలియాలి. రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తారు, దసరాకి రావాలంటే ఆ రోజు పొద్దున్నే కూర్చుని చేసుకోవాలి. మొదటిసారి మాత్రం తను ఒంటరిగా రాకుండా, అటు నుంచి వచ్చే తెలుగు పిల్లలెవరైనా ఉన్నారేమో చూడండి. ఆ కాలేజీ 1961లో టీటీడీ పెట్టింది, తెలుగు మాట వినపడకపోదు. పచ్చడి మీద మనసు పోతే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉండనే ఉంది.

మీ అత్తగారికి ఒక సంగతి చెప్పండి, ఆవిడకి నచ్చుతుందనుకుంటాను. ఆ కాలేజీకి దగ్గరున్న మెట్రో స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయిగారి పేరే అది. ఆవిడ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదవాలనుకున్నప్పుడు ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. ఆవిడ వెనక్కి రాలేదు. తనలాంటి అమ్మాయిలను పోగుచేసి హాస్టల్ ఏర్పాటు చేసుకుని చదివారు. మీ మనవరాలు రోజూ దిగే స్టేషన్ బోర్డు మీద ఆ పేరు ఉంటుందని పెద్దావిడకి చెప్పండి.

ఈ రాత్రి భోజనాలయ్యాక మీవారినే ఆ మాట అననివ్వండి. మీరు ఆయన తరఫున చెబితే పిల్ల నమ్మదు. ‘ఏం జరిగినా, తప్పు నీదైనా సరే, ముందు మాకు ఫోన్ చెయ్యి. చదువు మాన్పించను, బయల్దేరి వస్తాను’ అని ఆయనే, అత్తగారు వింటుండగా, అమ్మాయి మొహం చూసి చెప్పాలి. పెట్టె సర్దడం ఆ తర్వాత.