ఇంటిపేరు ఒకటే, ఓడలు వేరు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఓడల మీదే. హైదరాబాదుకు సముద్రం లేదన్న లోటును మనవాళ్లు ఇలా తీర్చుకుంటున్నట్టున్నారు. ఆబిడ్స్‌లో ఒక ట్రావెల్ ఆఫీసు కౌంటరు వెనక ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నదీ, తరువాత సొంత డబ్బుతో ఓడలెక్కి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ప్రశ్న: మేము ఏడుగురం. నేను, మావారు, పద్నాలుగేళ్ల అబ్బాయి, ఎనిమిదేళ్ల పాప, డెబ్బై దాటిన అత్తమామలు, ఆడపడుచు. వేసవి సెలవుల్లో సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం అనుకుంటున్నాం. ఏజెంటు రాయల్ కరీబియన్ వాళ్లవే రెండు ఓడలు చూపించాడు. ఒకటి వోయేజర్ తరగతిది, ఇంకొకటి క్వాంటమ్ తరగతిది. ‘రెండోది ముప్పై వేల టన్నులు ఎక్కువ బరువు, అందుకే ఊగదు, ఖర్చయినా అదే తీసుకోండి’ అంటున్నాడు. నిజమేనా?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ టన్నుల సంగతి చూద్దాం అమ్మా. ఓడల పట్టికలో కనిపించే టన్ను బరువు కాదు, లోపలి చోటుకు కొలత. పూర్వం ఓడలో ఎన్ని ద్రాక్షసారా పీపాలు పడతాయో లెక్కగట్టేవారు. ఆ పీపా పేరే టన్నుగా నిలిచింది. ఇప్పుడు గోడల మధ్య ఉన్న ఘనపరిమాణాన్ని కొలిచి ఒక సూత్రం ప్రకారం అంకె తేలుస్తారు. వోయేజర్ తరగతికి సుమారు 1,37,000, క్వాంటమ్ తరగతికి సుమారు 1,68,000 అని రాసి ఉంటే, రెండోదానిలో గదులూ హాళ్లూ ఎక్కువని అర్థం. మీ ఏజెంటు దాన్ని తక్కెడలో పెట్టి తూచాడు.

ఊగడం మాటకొస్తే, పెద్ద ఓడ కాస్త తక్కువ ఊగుతుందన్నది అబద్ధం కాదు. కానీ ఒకటి 311 మీటర్లు, ఇంకొకటి 348 మీటర్లు. రెండింటికీ నీటి కింద పక్కలకు చాచుకునే రెక్కలు ఉంటాయి, అవి ఓడ ఒరిగిపోకుండా పట్టుకుంటాయి. దానికన్నా గది ఎక్కడుందన్నది ముఖ్యం. పిల్లల పార్కులో ఆ కొస లేస్తే ఈ కొస దిగే బల్లను గుర్తు చేసుకోండి. గాల్లోకి లేచేది కొసన కూర్చున్నవాడే, నడిమధ్య నిలబడ్డవాడికి ఏమీ కాదు. మీ అత్తమామలకు ఓడ నడిమధ్య, కింది అంతస్తులో, లిఫ్టుకు దగ్గరగా గది అడగండి. మూడు వందల మీటర్లు రోజుకు నాలుగుసార్లు నడవడం మోకాళ్లకు పెద్ద పనే.

ఈ కంపెనీ ఓడలకు ‘ఆఫ్ ద సీస్’ అన్నది ఇంటిపేరు లాంటిది. అందుకే జనం తికమక పడతారు. పేరు కాదు, తరగతి చూడాలి. ఒక తరగతి ఓడలు ఒకే అచ్చులో తీసిన అక్కచెల్లెళ్లు. ఒకదానిలో దారి తెలిస్తే మిగతావాటిలో కళ్లు మూసుకుని తిరగవచ్చు. వయసులో అందరికన్నా పెద్దవాళ్లు 1990ల నాటి విజన్ తరగతి ఓడలు. 1999 నుంచి 2003 దాకా వచ్చినవి వోయేజర్ తరగతి అయిదూ. దాదాపు అదే కాలంలో సన్నగా, అద్దాలతో రేడియన్స్ తరగతి నాలుగూ వచ్చాయి. తరువాత ఫ్రీడమ్, 2009లో ఒయాసిస్, 2014లో క్వాంటమ్, 2024 జనవరిలో ఐకాన్.

వోయేజర్ తరగతిలో ఓడ కడుపులో ఒక వీధి ఉంటుంది. రాయల్ ప్రొమెనేడ్ అంటారు. రెండు పక్కలా దుకాణాలు, కాఫీ బల్లలు, పైన కొన్ని అంతస్తుల ఎత్తున ఖాళీ. ఆ వీధిలోకి కిటికీ ఉన్న గదులు కూడా ఉన్నాయి. ఒకసారి మా అత్తగారికి అలాంటి గదే దొరికింది. సముద్రం కనిపించదని నేను నొచ్చుకుంటుంటే, ఆవిడ కిటికీ అరుగు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, చిక్కడపల్లిలో పాత ఇంటి వరండాలో కూర్చున్నట్టే, వచ్చేపోయేవాళ్లను చూస్తూ మూడు రోజులు గడిపారు. ‘ఆ ఎర్రచీర ఆవిడ పొద్దున్నుంచి ఇది నాలుగో ఐస్‌క్రీమ్’ అని నాకు లెక్క అప్పజెప్పేవారు. సముద్రం చూద్దాం రమ్మంటే, ‘చూశాను కదమ్మా, నీళ్లే’ అన్నారు. (రాత్రి పరదా వేసుకోవడం మరిచిపోకండి. వీధిలోంచి మీరూ కనిపిస్తారు.)

ఓడలో మంచు మీద జారే మైదానం మొదట వచ్చింది కూడా ఈ తరగతిలోనే. మీ పాపకు అది చాలు. క్వాంటమ్ తరగతి మాత్రం పద్నాలుగేళ్లవాళ్ల కోసమే కట్టినట్టు ఉంటుంది. సముద్రమట్టానికి దాదాపు మూడు వందల అడుగుల ఎత్తుకు లేపి చూపించే నార్త్‌స్టార్ అనే గాజు గది, గాలి గొట్టంలో తేలే ఆట, పైకప్పు కింద ఢీకొట్టుకునే కార్లు. మధ్యాహ్నం వాన కురిసినా పిల్లలు ‘ఏం చేయాలి’ అని మీ ప్రాణం తీయరు. కిటికీ లేని గదుల్లో నేల నుంచి పైకప్పు దాకా తెర పెట్టి బయటి సముద్రాన్ని అప్పటికప్పుడు చూపిస్తారు. కొన్ని ఆటలకు విడిగా చెల్లించాలి, ముందే అడగండి.

నన్నడిగితే మీ ఏడుగురికి వోయేజర్ తరగతి. మూడు తరాలవాళ్లు తలోదిక్కూ పోయినా తిరిగి ఆ వీధిలోనే తగులుతారు. పాత ఓడ అని బెంగపడకండి, పుట్టిన ఏడు కాదు, మరమ్మతు జరిగిన ఏడు అడగండి. ఈ తరగతి ఓడల్లో మారినర్‌ను 2018లో, నావిగేటర్‌ను, వోయేజర్‌ను 2019లో బాగా తిరగతోడి నీటి జారుడుబండలు పెట్టారు. అబ్బాయి అలిగితే అవి చూపించండి. మిగిలిన డబ్బుతో ఒక గదికైనా బాల్కనీ తీసుకోండి.

ఎన్ని గదులు అన్నది మీరు అడగలేదు కానీ చెబుతాను. మా పద్మారావునగర్ ఇంటి డాబా మీద సుద్దముక్కతో గది గీసి చూపించడం నాకు అలవాటు. కిటికీ లేని గది సుమారు 150 చదరపు అడుగులు, అంటే పదిహేను అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. అందులోనే మంచం, సోఫా, బీరువా, స్నానాలగది. ఒకసారి ఒక కుటుంబం వచ్చి నలుగురికి ఒకే గది చాలంది. వాళ్ల నాయనమ్మ నేను గీసిన స్నానాలగది గీతల మధ్య నిలబడి ఇటు తిరిగి, అటు తిరిగి, ‘ఇందులో నేనుంటే చెంబు ఎక్కడ పెట్టాలి?’ అన్నారు. ఆ సాయంత్రమే రెండు గదులు తీసుకున్నారు. మీరూ మీ డాబా మీద గీయండి. ఏడుగురికి మూడు గదులకు తక్కువైతే నాలుగో రోజుకు మాటలుండవు.

ప్రశ్న: ఐకాన్ లాంటి మహా ఓడల్లో జాతరలా జనం ఉంటారని, చిన్న ఓడల్లో ప్రశాంతంగా ఉంటుందని అందరూ అంటారు. లెక్క ప్రకారం అది నిజమేనా?
– విశ్రాంత గణితోపాధ్యాయుడు, వనస్థలిపురం

జవాబు: మాస్టారూ, భాగహారం మీకు నేను చెప్పాలా! ఓడ టన్నుల్ని, గదికి ఇద్దరి చొప్పున పట్టే ప్రయాణికుల సంఖ్యతో భాగించండి. ఐకాన్ 2,48,663 టన్నులు, 5,610 మంది. మనిషికి 44. క్వాంటమ్ తరగతిలో సుమారు 40. రేడియన్స్ తరగతి ఓడ 90,090 టన్నులు, 2,100 మంది చిల్లర. మనిషికి 42 చొప్పున వస్తుంది. అంటే అన్నిటికన్నా పెద్ద ఓడలోనే మనిషికి చోటు రవ్వంత ఎక్కువ!

అయితే గదికి ఇద్దరే ఉంటారన్నది బడులు తెరిచి ఉన్న రోజుల లెక్క. సెలవుల్లో మూడో మంచం, నాలుగో మంచం పిల్లలతో నిండితే ఐకాన్‌లోకి 7,600 మంది దాకా ఎక్కవచ్చు. అప్పుడు మనిషికి 33కు కూడా చేరదు. జాతర ఓడది కాదు, మే నెలది. మీకు బడి గంటలతో పని లేదు కదా, సెలవులు కాని వారం చూసుకోండి.

ఐకాన్ పొడవు 365 మీటర్లు. వినడానికి భయంగా ఉంటుంది గానీ, పదిహేను పెట్టెల రైలు పొడవు. సికింద్రాబాద్ స్టేషన్‌లో మనం ఎక్కే ఇరవై రెండు పెట్టెల రైలు అంతకన్నా పొడుగు. తేడా అంతా ఎత్తులో ఉంది, ఇరవై అంతస్తులు.

ప్రశ్న: ఒయాసిస్ తరగతి ఓడలో రెండు రకాల బాల్కనీ గదులు చూపించారు. ఒకటి బాగా చవక. ఎందుకు?
– కొత్త దంపతులు, మియాపూర్

జవాబు: చవకగా ఉన్నది లోపలికి చూసే బాల్కనీ. ఆ ఓడలను మధ్యలో చీల్చినట్టు కట్టారు. నడుమ ఆకాశం కనిపించే చోట సెంట్రల్ పార్క్ అని వేల మొక్కలతో నిజమైన తోట పెంచారు. వెనక వైపు బోర్డ్‌వాక్ అని ఇంకొక ఖాళీ ఉంది. మీ బాల్కనీ ఈ రెంటిలో దేని మీదికో ఉంటుంది. సముద్రం కనిపించదు, లేదా బోర్డ్‌వాక్ గదుల నుంచి ఓరగా కాస్త కనిపిస్తుంది. తోట మీదికైతే హాయిగానే ఉంటుంది కానీ, ఎదురు బాల్కనీలో కూర్చున్న పెద్దమనిషి మీ కాఫీ కప్పును చూస్తూ ఉంటాడు. కొత్త దంపతులు కదా, సముద్రం వైపుదే తీసుకోండి. నా చెల్లెలి కూతురికి ఒక ఏజెంటు ఈ ముక్క చెప్పకుండా టికెట్టు అమ్మాడు. ఆ పిల్ల ఇప్పటికీ ‘బాల్కనీ’ అన్న మాట వింటే మొహం చిట్లిస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి సియాటిల్‌లో ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు అలాస్కా చూడాలని ఉంది. ఏ ఓడ మంచిది? మాకు ఆటలూ పాటలూ అక్కరలేదు.
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగులు, మల్కాజిగిరి

జవాబు: ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. రేడియన్స్ తరగతి. పనామా కాలువ పాత లాకుల్లో పట్టాలని 32 మీటర్ల వెడల్పుకు కుదించి కట్టిన ఓడలు, అందుకే ఇంత నాజూకు. గోడల్లో ఎక్కడ చూసినా అద్దమే. భోజనానికి లిఫ్టులో దిగుతుంటే కూడా సముద్రం పక్కనే దిగుతున్నట్టు ఉంటుంది. రేడియన్స్‌లో బిలియర్డ్స్ బల్ల ఒకటి ఉంది, ఓడ ఒరిగితే దానంతటదే సమంగా సర్దుకుంటుంది. ఆట రాకపోయినా దాని ముందు పది నిమిషాలు నిలబడండి. ఓడ ఎటు ఒరుగుతోందో కాళ్లకు తెలియనిది ఆ బల్ల చెబుతుంది.

సియాటిల్ నుంచి తరచుగా బయలుదేరేవి క్వాంటమ్ తరగతివి. చలి దేశాల కోసం ఈత కొలను మీద కప్పు వేసిన ఓడలు, చెడ్డవేమీ కావు. రేడియన్స్ తరగతివి ఎక్కువగా వాంకోవర్ నుంచి. మీ అమ్మాయి ఇంటి నుంచి కారులో మూడు గంటల దారి. ఎక్కడ ఎక్కినా వీసా సంగతి ముందు చూసుకోండి. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికాలో ఎక్కించుకున్నవాళ్లను వేరే దేశపు రేవు తాకకుండా తిప్పి తీసుకురాకూడదని అక్కడ 1886 నాటి చట్టం ఉంది. ఈ ఓడలకు బహామాస్ జెండా. అందుకే సియాటిల్‌లో ఎక్కినా కెనడాలో విక్టోరియా లాంటి రేవు ఒకటి తగులుతుంది. రెండు దేశాల వీసాలూ చేతిలో ఉన్నాకే డబ్బు కట్టండి.

ప్రశ్న: ఇవేవీ మన విశాఖపట్నం రావా?
– ఒక విద్యార్థి, నల్లకుంట

జవాబు: ఒకటి వచ్చింది బాబూ, పేరు మార్చుకుని. కార్డీలియా క్రూజెస్ వాళ్ల ఎంప్రెస్ ఓడ 2022లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై తిరిగింది. అది 1990లో ఇదే రాయల్ కరీబియన్‌లో నార్డిక్ ఎంప్రెస్‌గా పుట్టి, తరువాత ఎంప్రెస్ ఆఫ్ ద సీస్ అయింది. 48,563 టన్నులు, వోయేజర్‌లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. చిన్నదని తీసిపారేయకు, టైటానిక్ 46,328 మాత్రమే. మన తీరం నుంచి ఎప్పుడెప్పుడు నడుపుతారన్నది రుతువును బట్టి మారుతుంది, తేదీలు కంపెనీనే అడుగు.

ప్రశ్న: పచ్చళ్లు, చిన్న రైస్ కుక్కర్ ఓడలోకి తీసుకువెళ్లనిస్తారా?
– ముగ్గురు పాఠకులు వేర్వేరుగా అడిగారు

జవాబు: కుక్కర్, ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కెటిల్, ఏవీ కుదరవు. ఈ కంపెనీ ఓడలన్నిటిలోనూ అదే నియమం, నిప్పు భయం. ఇంట్లో చేసిన పచ్చడి సీసా రేవులోనే దించేస్తారు. దుకాణంలో సీలు వేసిన పొట్లాలతో సాధారణంగా పేచీ ఉండదు. మా అత్తగారు అందుకని కందిపొడి కొని, సీలు విప్పకుండా భోజనాల గదికి పట్టుకెళ్లి, బల్ల దగ్గర కత్తెర కావాలని అడిగారు. వడ్డించే కుర్రాడు గోవా వాడు. కత్తెర తెచ్చాడు, అడక్కుండానే వెన్న కూడా తెచ్చాడు.