పాఠకుల ప్రశ్నలు: ‘వలె’ కనిపిస్తే ఉపమాలంకారమేనా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. ‘వలె’, ‘లాగా’ కనిపిస్తే ఉపమ అనీ, ‘ఏమో’, ‘కాబోలు’ ఉంటే ఉత్ప్రేక్ష అనీ, ఏదీ లేకపోతే రూపకం అనీ గుర్తు పెట్టుకుంది. అయినా పరీక్షలో తప్పులు పోయాయి. నేను వివరించబోతే నాకూ తేడా చెప్పడం రాలేదు. వీటిని గుర్తించేదెట్లా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: మీ అమ్మాయి పట్టుకున్న గుర్తులు పనికిరానివి కావు గాని, అవి అలంకారానికి ఆనవాళ్లే తప్ప అలంకారం కాదు. ‘నేను చెప్పినట్లు చెయ్యి’ అన్న వాక్యంలో ‘అట్లు’ ఉంది, పోలిక లేదు. ‘తేనెమాట’లో ‘వలె’ లేదు, అయినా తేనె వంటి మాట అనే అర్థంలో పోలిక ఉంది కనుక అది ఉపమే. పోలిక ఉన్నంత మాత్రాన కూడా చాలదు. గవయమనే అడవి జంతువు ఆవు వలె ఉంటుందని చెబితే అది సమాచారమే గాని, మనసును తాకే చమత్కారం లేదు కనుక అలంకారం కాదని మన ఆలంకారికులు ఏనాడో తేల్చారు.

ఒకే దృశ్యాన్ని తీసుకుని చూద్దాం. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ములుగు, మహబూబాబాద్ దారుల్లో వెళ్తుంటే కల్లాల్లో ఆరబోసిన ఎండుమిర్చి కనిపిస్తుంది. ‘కల్లంలో మిర్చి నిప్పుల వలె ఎర్రగా ఉంది’ అంటే ఉపమ. ఇందులో మిర్చి ఉపమేయం, నిప్పులు ఉపమానం, ఎర్రదనం సమానధర్మం, ‘వలె’ ఉపమావాచకం. మిర్చి వేరు, నిప్పు వేరు అన్న ఎరుక చెప్పేవారికీ వినేవారికీ చెదరలేదు. ‘ఆ మిర్చి నిప్పులే కాబోలు’ అన్నామంటే ఆ ఎరుక కొంచెం కదిలింది, ఒకదానిని మరొకటిగా ఊహించాం. అది ఉత్ప్రేక్ష. ‘రైతు ఆ మిర్చినిప్పులను కావలి కాస్తున్నాడు’ అంటే రెండింటికీ భేదం లేదని తేల్చి చెప్పాం, అది రూపకం. ఇక మిర్చి పేరే ఎత్తకుండా ‘కల్లం నిండా నిప్పులు ఆరబోశారు’ అంటే ఉపమానం ఉపమేయాన్ని పూర్తిగా మింగేసింది. దీనిని రూపకాతిశయోక్తి అంటారు. బడిలో అతిశయోక్తి అంటే ఉన్నదానిని ఎక్కువ చేసి చెప్పడమని నేర్పుతారు. అది దాని ఒక ముఖం మాత్రమే.

కనుక అమ్మాయిని ‘ఏ మాట ఉంది’ అని కాక, ‘ఆ రెండు వస్తువుల మధ్య ఎంత దూరం మిగిలింది’ అని అడగండి. తరువాత తనే సొంతంగా ఒక దృశ్యం ఎంచుకుని, దానిని నాలుగు విధాలుగా రాయమనండి. ఇది మన ఓరుగల్లుకు కొత్త పద్ధతి కాదు. 1323 వరకు పాలించిన కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలోని విద్యానాథుడు తన సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథమైన ప్రతాపరుద్రీయంలో ఉదాహరణ శ్లోకాలను తానే రచించి, వాటన్నిటికీ తన రాజునే వస్తువుగా చేసుకున్నాడు. ఎదురుగా ఉన్నదానితో శాస్త్రాన్ని వివరించడం ఈ నేల మీద ఏడు వందల ఏళ్లకు పూర్వమే జరిగిందన్న సంగతి మన పిల్లలకు తెలియాలని నాకు గట్టిగా ఉంటుంది.

ప్రశ్న: పాటలో పాదాల చివర ఒకే అక్షరం వస్తే ‘ప్రాస బాగుంది’ అంటాం. పద్యంలో ప్రాస అంటే రెండో అక్షరమని మా మాస్టారు అంటారు. ఏది సరి? (ఒక పాఠకుడు, జనగామ)

జవాబు: మీ మాస్టారు చెప్పినది ఛందస్సులోని ప్రాస. ప్రతి పాదంలోనూ రెండవ అక్షరంగా ఒకే హల్లు రావాలన్న నియమం అది. మీ జిల్లాలోని పాలకుర్తికి చెందిన సోమనాథుడు ఆదరించిన ద్విపదలోనూ ఈ నియమం ఉంది. ప్రాస పాటించని ద్విపదను మంజరీ ద్విపద అంటారు. పాదాల చివర వచ్చేది అంత్యప్రాస, అది శబ్దాలంకారం.

అదే హల్లు పాదం పొడవునా మాటిమాటికీ వస్తే వృత్త్యనుప్రాస. దీనికి బమ్మెర పోతన గజేంద్రమోక్షంలోని ‘అడిగెద నని కడువడిఁ జను’ అన్న కందపద్యాన్ని మించిన ఉదాహరణ నాకు తోచదు. ఆ చిన్న పాదంలోనే ‘డ’కారం మూడుసార్లు వచ్చింది. మొదటి ‘డి’ పాదంలో రెండవ అక్షరం కనుక అది ప్రాసస్థానం కూడా. విష్ణువు ఏమీ చెప్పకుండా బయలుదేరితే, ఎక్కడికని అడగాలని లక్ష్మీదేవి వడిగా నడుస్తుంది, అడిగినా బదులు పలకడేమోనని ఆగిపోతుంది. పద్యాన్ని పైకి చదవండి, ‘డ’ పలికినప్పుడల్లా నాలుక అంగిటికి తగిలి వెనక్కి వస్తుంది. ఆమె అడుగు తడబడిన తీరు అదే.