ఓడిపోయిన లోగో ఎవరిది?

ప్రశ్న: లాయరు గారూ, నేను విజయవాడలో ఫ్రీలాన్స్ డిజైనర్‌ని. ఆన్‌లైన్ పోటీలో ఒక పచ్చళ్ల కంపెనీకి లోగో పంపితే బహుమతి రాలేదు. ఇప్పుడు వాళ్ల సీసాల మీద రంగులు మార్చిన నా బొమ్మే కనిపిస్తోంది. కేసు వేయొచ్చా? అసలు ఈ పోటీలు మానేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: వేయొచ్చమ్మా. అయితే ముందు ఆ పోటీ నిబంధనలు చదవండి. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం బొమ్మ గీసినవారే దానికి తొలి హక్కుదారు. ఉద్యోగంలో భాగంగా గీస్తే హక్కు యజమానికి పోతుంది గానీ, మీరు ఆ కంపెనీలో ఉద్యోగి కాదు. చాలా పోటీల్లో గెలిచిన డిజైన్ హక్కే కంపెనీకి వెళ్తుంది, మిగతావి గీసినవారివే. కొన్నింట్లో మాత్రం ‘పంపినవన్నీ మావే’ అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది, మనం చూడకుండా ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కేస్తాం. అలా ఉన్నా ఆశ వదులుకోకండి. సెక్షన్ 19 ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఆ క్లిక్ సంతకం కిందికి వస్తుందా అనేది కోర్టులో వాదించదగ్గ విషయమే.

అసలు చిక్కు వేరే ఉంది. ఆలోచనకు కాపీరైట్ ఉండదు. జాడీ పక్కన మిరపకాయ ఎవరైనా గీయొచ్చు. మీ గీతలు, అమరిక, అక్షరాల తీరు ఎత్తేశారని చూపించగలగాలి. సోర్స్ ఫైల్ (మీరు గీసిన అసలు ఫైలు), పంపిన తేదీ తెలిపే మెయిల్, పోటీ పేజీ స్క్రీన్‌షాట్లు, సీసా కొన్న బిల్లు భద్రంగా పెట్టుకోండి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుంది. సెక్షన్ 62 వల్ల మీరు నివసించే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు.

ఇక పోటీల సంగతి. కొత్తవాళ్లకు మేలే: డిగ్రీ ఎవరూ అడగరు, చూపించుకోడానికి నాలుగు డిజైన్లు పోగవుతాయి, విదేశీ క్లయింట్లూ దొరకొచ్చు. మన రూపాయి గుర్తు కూడా పోటీలోంచి వచ్చిందే. 2010లో ఎంపికైన దానికి రెండున్నర లక్షల బహుమతి దక్కింది, ఎంట్రీలు మాత్రం వేలల్లో వచ్చాయి. ఓడిన పనికి కూలి ఇప్పించే చట్టం లేదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం కింద 45 రోజుల్లో డబ్బు చెల్లించాలన్న రక్షణ, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (అలాంటి సంస్థలకు ప్రభుత్వ నమోదు) ఉన్నవారికి, అదీ ఆర్డరు మీద చేసిన పనికే. అందుకే నేనైతే పోటీలతోనే బతుకు సాగించమని చెప్పను. ఎప్పుడైనా పంపినా వాటర్‌మార్క్ వేసిన చిన్న ఫైలే పంపండి.

దావాకు మూడేళ్ల గడువుంది గానీ, కేసు తేలేదాకా వాళ్లు ఆ బొమ్మ వాడకుండా తాత్కాలిక నిషేధం కావాలంటే, ఆలస్యం చేస్తే కోర్టు ఒప్పుకోకపోవచ్చు. లాయరు నోటీసు ఈ నెలలోనే పంపండి.