స్పీడ్ టికెట్‌ను చలాన్ లెక్క చూడకు తమ్మీ

నువ్వు రాసింది చదివాను. ఇక్కడ టెక్సస్‌లో 70 లిమిట్ ఉన్న చోట 85లో పోయావు, పోలీసు ఆపి టికెట్ చేతిలో పెట్టాడు. “అన్నా, అందరూ అదే స్పీడులో పోతుంటే నన్నొక్కణ్ణే ఎందుకు పట్టుకున్నట్టు? పైసలు ఇప్పుడే కట్టేయనా, కొన్నాళ్ళు ఆగనా?” అని అడిగావు. ఇప్పుడే కట్టకు. అలాగని ఊరికే ఆగకు. ఎందుకో తెలియాలంటే నా సంగతి వినాలి. నాకు అప్పట్లో చెప్పేవాళ్ళు లేరు.

2009లో డాలస్ వచ్చిన ఆరు నెలలకు పాత కరోలా కొన్నాను. డెన్వర్‌లో ఉన్న మా హన్మకొండ మిత్రుడి ఇంట్లో సద్దుల బతుకమ్మ అంటే నేనూ మా ఆవిడా బయలుదేరాం. ఫోర్ట్‌వర్త్ దాటాక 287 హైవే. అది చాలా చోట్ల ఊళ్ళ మధ్య నుంచే పోతుంది, వెనకటికి మన హైదరాబాద్ రోడ్డు ఆలేరు, జనగామల నడుమ నుంచి పోయినట్టు. బయట 70 బోర్డు ఉంటుంది, ఊరు దగ్గరపడగానే 55, ఆ వెంటనే 40. అవి మైళ్ళు. 70 మైళ్ళంటే మన 112 కిలోమీటర్లు. జనగామ దాటాక 80 కిలోమీటర్ల స్పీడుకే స్టీరింగ్ గట్టిగా పట్టుకునేవాణ్ణి నేను. ఇక్కడి రోడ్డు మీద కారు కదిలినట్టే ఉండదు, కాలు తెలియకుండానే ఒత్తుతుంది. ఆ 40 బోర్డు నేను చూడనేలేదు. 62లో పోతున్నానట.

అద్దంలో ఎర్ర, నీలం లైట్లు వెలిగాయి. కుడి పక్కకు తీసి ఆపాను. అక్కడిదాకా బాగానే ఉంది. మన దగ్గర హంటర్ రోడ్డులోనో కాజీపేట చౌరస్తాలోనో ఆపితే ఏం చేస్తాం? కాగితాలు పట్టుకుని దిగి, “సార్” అంటూ వాళ్ళ దగ్గరికి పోతాం. దిగకపోతే పొగరనుకుంటారు. అదే మర్యాద అనుకుని నేను తలుపు తీసి దిగాను. వెనక నుంచి మైకులో ఒకటే అరుపు. ఏమంటున్నాడో మొదట అర్థం కాలేదు. తిరిగి చూస్తే అతని కుడిచెయ్యి నడుము దగ్గర తుపాకీ మీద ఉంది. నా చేతిలో కాగితాలు జారి గడ్డిలో పడ్డాయి. కార్లో మా ఆవిడ, తంగేడు పూలు దొరక్క కాగితపు పూలతో పేర్చిన బతుకమ్మను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది.

అందుకే ఇంకోసారి ఆపితే దిగకు. అద్దం దించు, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టు, అడిగాక చెప్పి మరీ కాగితాలు తీయి. సంతకం పెట్టమంటే పెట్టు. అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకు జవాబిస్తానని ఇచ్చే మాట. అక్కడ వాదించకు, ఎవరికో ఫోన్ కలిపి ఇవ్వబోకు.

ఇక అసలు సంగతి, డబ్బు. మనవాళ్ళకు టికెట్ అంటే చలాన్. తెలంగాణలో 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు చివర్లో ఇంకోసారి పెండింగ్ చలాన్లకు డిస్కౌంట్ ఇచ్చారు. రెండోసారి రెండు చక్రాల బండ్లకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. అది చూసినవాళ్ళు ఆగితే తగ్గుతుందని అనుకోవడంలో వింత లేదు. నేనొచ్చేనాటికి ఆ డిస్కౌంట్లు లేవు గానీ ఆ ధీమా నాకూ ఉంది. 238 డాలర్ల టికెట్‌ను డ్యాష్‌బోర్డు అరలో పడేసి మర్చిపోయాను. గడువు దాటాక ఉత్తరం వచ్చింది, పైన ఇంకొంత వేశారు. భయపడి మొత్తం మనీ ఆర్డర్ తీసి పంపించి, పీడ వదిలిందనుకున్నాను. కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమని, అది రికార్డులోకి ఎక్కుతుందని నాకు తెలియదు.

ఆరు నెలలకు 540 డాలర్లు కట్టే ఇన్సూరెన్స్ రెన్యువల్‌కు 760 అయింది. మూడేళ్ళు అలాగే నడిచింది. 220 చొప్పున ఆరుసార్లు, 1,320. టికెట్ కలిపితే 1,558 డాలర్లు. అప్పుడు డాలర్ 47 రూపాయల దగ్గర ఉండేది, అంటే 73 వేలు దాటింది. నెలకు 20 వేలు నాన్నకు పంపేవాణ్ణి, నయీంనగర్ ఇంటి లోను కోసం. మూడున్నర నెలల కిస్తీలు ఒక బోర్డు చూడనందుకు పోయాయి. ఆ లెక్క నేను కాగితం మీద రాసి పెట్టుకున్నాను. నువ్వు చదువుకునే పిల్లాడివి, అప్పు చేసి వచ్చావు, నీకు ఇంకా బరువు.

దారి ఉంది. టెక్సస్‌లో లిమిట్ కన్నా 25 మైళ్ళు ఎక్కువ కాకపోతే, 95 తాకకపోతే, ఏడాదిలో ఒకసారి డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు అడగొచ్చు. ఆన్‌లైన్‌లో ఆరు గంటలు. కోర్టు ఫీజు కట్టి, 90 రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తే ఆ కేసు కొట్టేస్తారు. ఇక్కడి లైసెన్సు, ఇన్సూరెన్సు ఉండాలి. పనివాళ్ళున్న కన్‌స్ట్రక్షన్ జోన్‌లో పట్టుబడితే ఇది దొరకదు. నువ్వు లిమిట్‌ను 15 మైళ్ళే దాటావు కాబట్టి అడగొచ్చు. నేను 22 మైళ్ళు దాటాను, నాకూ దొరికేది. అడగాలని తెలియక పోగొట్టుకున్నాను. మిగతా నిబంధనలు కోర్టు వెబ్‌సైట్‌లో ఉంటాయి, చదువుకో.

అందరూ పోతున్నారన్న మాట కోర్టులో చెల్లదు. ప్రతి విందులోనూ వింటాను: “లిమిట్ మీద పదిదాకా ఏమనరు”, “టెక్సస్‌లో స్పీడ్ కెమెరాలు లేవు”, “వాళ్ళు డబ్బుల కోసమే పొదల వెనక కూర్చుంటారు”. కెమెరాలతో స్పీడ్ టికెట్లు ఇవ్వకుండా ఊళ్ళను ఇక్కడి చట్టం ఆపిన మాట నిజమే. కానీ మనిషి రాడార్ పట్టుకుని కూర్చుంటాడు, పదా ఐదా అన్నది ఆ మనిషి ఇష్టం. డబ్బుల మాటలోనూ కొంత నిజం ఉంది. అందుకే 5 వేలలోపు జనాభా ఉన్న ఊరికి ముందటి ఏడాది ఆదాయంలో 30 శాతం దాటి ట్రాఫిక్ జరిమానాలు వస్తే, పైది రాష్ట్రానికి పోయేలా చట్టం చేశారు. అలాగని లిమిట్ ఎవరో తోచింది రాసిన అంకె కాదు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నూటికి 85 మంది ఏ స్పీడు దాటకుండా పోతున్నారో చూసి, దాన్ని బట్టి పెడతారు. 1974లో ఆయిల్ కరువొచ్చి దేశమంతా 55 పెట్టారు, 1995లో ఎత్తేశారు. ఇప్పుడు ఆస్టిన్ పక్కన 130 టోల్ రోడ్డు మీద కొంత దూరం 85 దాకా పోనిస్తారు. అంత స్పీడు కావాలంటే అక్కడికి పోయి నడుపు.

వెనకవాళ్ళు మీదికొస్తున్నారని రాశావు. నువ్వు ఎడమ లేన్‌లో ఉండి ఉంటావు. మన దగ్గర లారీలు డివైడర్ పక్కనే పోతుంటే పక్క నుంచి దూరిపోతాం. ఇక్కడ ఎడమ లేన్ దాటిపోవడానికే. కుడి లేన్‌లో 70లో పో, నిన్నెవరూ ఏమనరు.

వీసా సంగతికొస్తే, మామూలు స్పీడ్ టికెట్‌తో సాధారణంగా వీసా పోదు. జవాబివ్వకుండా వదిలేస్తే వారెంట్ దాకా పోతుంది, అప్పుడు కష్టం. తాగి నడపడం వేరే లెక్క, దాని జోలికే పోకు. అనుమానం ఉంటే మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు.

ఇప్పటి పిల్లలు ఫోన్‌లో లోకమంతా చూస్తారు గానీ చేతిలోని కాగితాన్ని తిప్పి చూడరు. టికెట్ తీయి. కోర్టుకు జవాబివ్వాల్సిన తేదీ దాని మీదే ఉంటుంది. రేపు పొద్దున ఆఫీసు తెరవగానే ఫోన్ చేసి కోర్సు కావాలని అడుగు, ఎవరితో మాట్లాడావో రాసుకో. తేదీ ఎప్పుడుందో ఈ రాత్రికే నాకు చెప్పు.