యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ కాలిపోతే ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది మదనపల్లె. పదేళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. ఇంట్లోనే ఒక గదిలో జీఎస్టీ రిటర్నులు, డీటీపీ పని చేసుకుంటాను. సాయానికి ఒకమ్మాయి ఉంది. నిరుడు డిసెంబరులో ఎస్.పి. రోడ్డులో 600 వీఏ సామర్థ్యం ఉన్న యూపీఎస్ కొన్నాను. ‘కరెంటు పోయినా గంట నడుస్తుంది మేడమ్, సిస్టమ్‌కి ఏమీ కాదు’ అని షాపతను వాట్సాప్‌లో కూడా పెట్టాడు. ఏనాడూ పది నిమిషాలు దాటలేదు. మొన్న గాలివాన రాత్రి లైట్లు కళ్ళు చెదిరేలా వెలిగి ఆరిపోయాయి. యూపీఎస్‌లోంచి కాలిన వాసన వచ్చింది. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్, మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు పోయాయి. షాపువాళ్ళు కరెంటు ఆఫీసుకు పొమ్మంటారు, అక్కడికెళ్తే షాపుకు పొమ్మంటారు. ‘యూపీఎస్ తెచ్చివ్వండి, చూద్దాం’ అంటున్నాడు షాపతను. డేటా నష్టంతో కలిపి 3 లక్షలు అడగవచ్చా?

జవాబు: ఆ యూపీఎస్‌ను ఇప్పుడే షాపుకు ఇవ్వకండి. స్క్రూ మీది సీలు చింపకండి, తెలిసిన మెకానిక్ చేత కూడా విప్పించకండి. మీ కేసంతా ఆ డబ్బాలోనే ఉంది. వస్తువులో లోపం ఉందో లేదో తేలాలంటే వినియోగదారుల కమిషన్ దాన్ని సీలు వేసి ల్యాబుకు పంపుతుంది. షాపతను బోర్డు మార్చి ఇచ్చేస్తే పరీక్షించడానికి ఇంకేం మిగలదు.

రెండో పని, పక్కింటివాళ్ళ టీవీ ఏమైందో కనుక్కోండి. హాస్యానికి అనడం లేదు. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) తెగితే, 230 వోల్టులు రావాల్సిన ఇంటికి 400 దరిదాపుల్లో రావచ్చు. లైట్లు అలా వెలగడం చూస్తే నాకు ఆ అనుమానమే వస్తోంది. అదే లైన్లో నాలుగిళ్ళ ఫ్రిజ్‌లు, టీవీలు కూడా పోయుంటే తప్పు ప్రధానంగా సరఫరాది. మామూలు యూపీఎస్ ఎంత వోల్టేజీ దాకా తట్టుకుంటుందో దాని మాన్యువల్‌లోనే ఉంటుంది. అంతకు మించి వచ్చిందని తేలితే కంపెనీ తప్పించుకుంటుంది. అప్పుడు ఇరుగుపొరుగు సంతకాలతో కరెంటు సెక్షన్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. 2003 విద్యుత్ చట్టం 42(5) కింద వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం ఉంది, దాని తీర్పు నచ్చకపోతే పైన అంబుడ్స్‌మన్. కరెంటు సరఫరా కూడా ‘సేవే’ కాబట్టి వినియోగదారుల కమిషన్‌కూ వెళ్ళవచ్చు.

మీ ఇంట్లో మాత్రమే పోయుంటే షాపునూ తయారీ కంపెనీనీ కలిపి ప్రతివాదులుగా చేర్చండి.

మీది వ్యాపారం, మీరు వినియోగదారు కాదు అని వాళ్ళు మొదటి వాయిదాలోనే అంటారు. బెదరకండి. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్న వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఈ రక్షణ పోదని లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక గంట మాట. ఈ రకం యూపీఎస్‌లో సాధారణంగా ఉండేది 12 వోల్టులు, 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ ఒకటి. అంటే 84 వాట్-అవర్లు. కంప్యూటరూ మానిటరూ కలిసి 200 వాట్లు తాగితే కాగితం మీది లెక్కకే అరగంట రాదు, చేతికొచ్చేది పది, పదిహేను నిమిషాలు. కాబట్టి పది నిమిషాలే నడవడం లోపం కాదు, గంట నడుస్తుందనడమే అబద్ధం. వస్తువు పనితీరు గురించి నోటితో చెప్పినా, రాసిచ్చినా, అబద్ధమైతే అది అనుచిత వ్యాపార పద్ధతే. ఆ వాట్సాప్ మెసేజిని చెరిపేయకండి, ఫోన్ మార్చకండి. డబ్బా వెనక లేబుల్ మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరుందేమో చూసి ఫోటో తీయండి. అది లేకపోతే మీ చేతికి ఇంకో ఆయుధం దొరికినట్టే.

3 లక్షల గురించి నిజం చెప్పాలి. యూపీఎస్ ధర, కాలిన భాగాల ధర, మనోవేదనకు కొంత, ఖర్చులు అడగండి. డేటా విలువ నిరూపించడం మహా కష్టం. లోపమున్న వస్తువు చేసిన హానికి పరిహారం గురించి అదే చట్టంలో ఉన్న ‘ఉత్పత్తి బాధ్యత’ అధ్యాయం ఆర్థిక నష్టాన్ని ఎలాగూ పక్కన పెట్టింది. పైగా ‘పెన్‌డ్రైవ్‌లోకైనా కాపీ చేసుకోలేదా’ అని ఎదుటి వకీలు అడుగుతాడు. నా ఆఫీసులో ఒకసారి హార్డ్ డిస్కు పోయినప్పుడు మా గుమాస్తా నన్నూ అదే అడిగాడు. డేటా రికవరీకి నిజంగా ఖర్చు పెడితే ఆ బిల్లు మాత్రం జతచేయండి.

బిల్లు వెనక వివాదాలు వేరే ఊరి కోర్టులోనే అని అచ్చేసి ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే, ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. ముందు స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి 15 రోజులు చూడండి.

ఒక్కటి మీరు రాయలేదు. లేజర్ ప్రింటర్ కూడా ఆ యూపీఎస్‌కే తగిలించారా? వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, 600 వీఏ యూపీఎస్ మోసేదేమో చాలా కంపెనీల్లో 360 వాట్లే. అలా తగిలించి ఉంటే ఎదుటివాళ్ళు అడిగేదాకా ఆగకుండా మీ వకీలుకు ముందే చెప్పేయండి.